రెండో బిగింపు

ఓదెలుకి అరవై నాలుగేళ్లు. అందులో నలభై ఏళ్లు లారీ ఇంజన్లు విప్పడంలో, బిగించడంలో గడిచిపోయాయి. హఫీజ్‌పేట్ స్టేషన్‌కి దగ్గర్లో అతనికి రేకుల షెడ్డు ఒకటి ఉండేది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు అది పోయింది. మళ్లీ వేయలేదు. భార్య చనిపోయాక ఒక్క గది కిరాయికి తీసుకుని ఉంటున్నాడు. అయినా పాత డీజిల్ ఇంజను ఎక్కడైనా బయటపడి, అదేమిటో ఏ కాలానిదో ఎవరికీ అంతుపట్టకపోతే ఇప్పటికీ ఓదెలుకే ఫోన్ చేస్తారు. ముఖ్యంగా ఆరు సిలిండర్లవి. ఆరు సిలిండర్లూ ఒకే వరసలో నిలబడి ఉండే ఆ పాత పొడుగు ఇంజన్లు ఇప్పుడు రోడ్ల మీద తక్కువ. ఉన్నవి తుక్కు దుకాణాల్లోనో, మూతబడ్డ క్రషర్ల దగ్గరో, పెయింటు మీద పెయింటు పూయించుకుని ఎవరివో తెలియకుండా పడి ఉంటాయి.

పోయిన వేసవిలో లోహిత్ అనే అతను ఫోన్ చేశాడు. కూకట్‌పల్లిలో ఉంటాడు, వాళ్లది భీమవరం వైపు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూనే ఇద్దరు స్నేహితులతో కలిసి రాయదుర్గంలో ఒక టవరు కింది అంతస్తులో హోటల్ పెడుతున్నాడు. లోపలంతా హైవే దాబాలా ఉండాలని వాళ్ల ఆలోచన.

"పాత లారీ ఇంజన్ ఒకటి కావాలండి. తిరగక్కర్లేదు. పైన అద్దం వేసి టేబుల్ చేయిస్తాం. నాలుగు సిలిండర్లదైతే పొట్టిగా ఉంటుందట. ఆరు సిలిండర్లదే చూడమన్నారు మావాళ్లు" అన్నాడు.

ఇంజను మీద కంచం పెట్టుకుని తినడమేందో ఓదెలుకి అర్థం కాలేదు. కానీ పని లేని మనిషికి పిలుపొస్తే కాదనడం కష్టం. మర్నాడు పొద్దున లోహిత్ కారులో ఇద్దరూ బొల్లారం దారిలో ఉన్న మధుకర్ తుక్కు యార్డుకి వెళ్లారు.

మధుకర్ తండ్రి కాలం నుంచీ ఓదెలుకి ఆ యార్డు తెలుసు. గేటు లోపల రెండు ఎకరాల ఇనుము. మధుకర్ ఒక మూలకి తీసుకెళ్లి నీలం రంగు పూసిన ఇంజనొకటి చూపించాడు. లోహిత్ అప్పటికే ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టాడు, స్నేహితులకి పంపడానికి.

"ఇదేనాండి?"

"కాదు బాబు. గిది నాలుగు సిలిండర్లదే. గేర్‌బాక్సు ముక్క తగిలి ఉన్నది గాబట్టి పొడుగ్గ కనవడుతుంది. గీ డీజిల్ పంపు నుంచి పైకి సన్న పైపులు పోతున్నయి చూడు. ఎన్నున్నయి?"

లోహిత్ వంగి లెక్కపెట్టాడు. "నాలుగు."

"సిలిండర్‌కొక పైపు. పైపులు ఊడిపోయినా పంపుకు బొడిపెలు ఉంటయి. అవి లెక్కపెట్టుకోవాలె."

రెండోది ఆరు సిలిండర్లదే. ఓదెలు దాని చుట్టూ ఒకసారి తిరిగి, ఇంజను వెనక ఫ్లైవీల్ చక్రం ఉండే చోట చెయ్యి పెట్టి చూసి పెదవి విరిచాడు. అది జనరేటర్‌కి పెట్టిన ఇంజను. పుట్టి బుద్ధెరిగినాక ఒక్కచోటే నిలబడి తిరిగింది, లారీ మొహం చూడలేదు. లోహిత్‌కి లారీలో తిరిగినదే కావాలి.

"ఇంకోటున్నది గానీ, నీకు నచ్చదన్నా" అన్నాడు మధుకర్. "మస్తు ఖరాబైంది. కరగబెట్టనీకి పంపిద్దామని పక్కకు పెట్టిన."

టార్పాలిన్ లాగితే కనిపించింది. రంగన్నది ఒక్క చుక్క లేదు. నిలువెల్లా తెల్లబారిన మట్టి గట్టిపడి ఉంది. ఓదెలు పంపు బొడిపెలు తడిమాడు. ఆరు. ముక్కులా ముందుకు వచ్చిన నీళ్ల గొట్టం, పక్క పలకల అంచులు, బ్లాకు మీద పోతపోసిన అక్షరాల మిగులు, అన్నీ వేళ్లతోనే చూసుకున్నాడు.

"టాటాది. పాత సిక్స్ నైంటీ సెవెన్. లారీదే."

"బాగుందండి. కడిగిస్తే..." అని లోహిత్ ఏదో అనబోయాడు. ఓదెలు వినడం లేదు. గోటితో ఒక మూల మట్టి గీరి, రెండు వేళ్ల మధ్య నలిపాడు. మెత్తటి బూడిద రంగు పొడి. రాతి పొడి.

వానకి తడిసిన ఇంజను తుప్పు ఎట్లా ఉంటుందో ఓదెలుకి తెలుసు. పైన ఎక్కువ, కింద తక్కువ ఉంటుంది. నీళ్లు నిలిచిన గుంటల్లోనే లోతుగా తింటుంది. ఈ ఇంజనుకి పైనా కిందా ఒకటే తుప్పు. పొరలు పొరలుగా, చేప పొలుసులా లేస్తోంది.

"గిది నీళ్లల్ల ఉన్నదిరా మధుకర్. ఒకటి రెండేండ్లు కాదు."

మధుకర్ టార్పాలిన్ మడత పెట్టసాగాడు.

ఓదెలు కిరసనాయిలు, ఇనుప బ్రష్షు తెమ్మన్నాడు. ఇంజను నంబరు చెక్కి ఉండే చదును పలక దొరకడానికి చాలాసేపు పట్టింది. నూనె గుడ్డతో తుడిచి, సన్న గరుకు కాగితంతో రుద్ది, పైన సుద్దముక్క అరగదీసి, అరచేత్తో తుడిచాడు. చెక్కిన గీతల్లో సుద్ద నిలిచి అంకెలు తెల్లగా తేలాయి. మొదట్లో ఆరు, తొమ్మిది, ఏడు, పక్కన డి. మధ్యలోవి తుప్పు తినేసింది. చివర నాలుగు అంకెల్లో మూడు కనబడ్డాయి: నాలుగు, ఖాళీ, ఒకటి, ఏడు.

ఆ అంకెలు అతనికేమీ చెప్పలేదు. బ్రష్షుతో బ్లాకు పక్కనంతా రుద్దుకుంటూ పోయాడు, అలవాటు కొద్దీ. ఐదో సిలిండరు దగ్గర చెయ్యి ఆగింది.

అక్కడ పగులు ఒకటి ఉంది, దాన్ని ఎవరో బాగు చేసి ఉన్నారు. పోత ఇనుము పగిలితే వెల్డింగు నిలవదు. పగులు పొడుగునా వరసగా రంధ్రాలు పెట్టి, మర కోసి, మర కడ్డీలు బిగించి, తలలు కోసి, సుత్తితో కొట్టి చదును చేయాలి. దాన్ని కుట్టు వేయడమంటారు. ఈ కుట్టులో ఏడు కడ్డీలున్నాయి. ఆరు వరసగా ఉన్నాయి. ఏడోది గింజంత కిందికి జరిగి ఉంది. ఆ రోజు ఓదెలు షెడ్డులో కరెంటు పోయి వచ్చిన విసురుకి అతని చేతిలో డ్రిల్లు జారింది. పక్కన నిలబడ్డ బండి యజమాని నవ్వి, "ఏం గాదులే అన్నా, ఎవడు చూస్తడు" అన్నాడు.

ఓదెలు అట్లాగే గొంతుక్కూర్చున్నాడు. లోహిత్ మంచినీళ్లు కావాలా అని అడిగాడు.

"పై మూత తియ్యాలె" అన్నాడు ఓదెలు. "జర మనిషిని పిలువు మధుకర్."

మూత బోల్టులు తిరగలేదు. మధుకర్ మనిషి గ్యాస్‌తో కోయాల్సి వచ్చింది. మూత లేస్తే లోపల నల్లటి జిడ్డు, దాని మీద సన్నటి ఒండ్రు. జిడ్డు కింద మాత్రం, సిలిండర్ల తలకట్టుని బ్లాకుకి బిగించే హెడ్డు బోల్టులు నిన్న బిగించినట్టే ఉన్నాయి. ఓదెలు ఒక్కొక్కటీ గుడ్డతో తుడిచాడు. ప్రతి బోల్టు తల మీదా మొన ఉలితో కొట్టిన పంచి దెబ్బ ఒకటి. ఒక్కటే చుక్క.

ఇంజను కొత్తగా బిగించినప్పుడు హెడ్డు బోల్టులు ఒకసారి బిగిస్తే సరిపోదు. బండి ఐదువందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ తెచ్చి రెండోసారి బిగించుకోవాలి. మొదటి బిగింపుకి ఒక చుక్క కొట్టడం, రెండోదానికి పక్కనే ఇంకో చుక్క కొట్టడం ఓదెలు ఉస్తాదు నేర్పిన పద్ధతి. హఫీజ్‌పేట్‌లో ఇంకెవరూ అట్లా చేసేవాళ్లు కాదు. ఈ ఇంజను రెండో బిగింపుకి రాలేదు.

"ఏడికెళ్లి వచ్చింది మధుకర్ ఇది?"

"ఎందుకన్నా నీకు?"

"రామన్న బండిదిది."

రామన్న ఎవరో మధుకర్‌కి తెలియదు. కానీ ఓదెలు మొహం చూసి చెప్పాడు. ఖాజాగూడ అవతల పాత రాతి క్వారీ ఒకటి ఏళ్ల తరబడి నీళ్లతో నిండి ఉండేది. టవర్లు కట్టడానికి మొన్న ఎండాకాలం మొదట్లో మోటార్లు పెట్టి తోడేశారు. అడుగున టిప్పరు లారీ ఒకటి తలకిందులుగా దొరికింది. పోలీసులకి చెబితే పని ఆగిపోతుందని సైటువాళ్లు రెండు రోజుల్లో ముక్కలు చేయించి మధుకర్‌కి పంపేశారు. చాసిస్ అప్పుడే కొలిమికి పోయింది.

"క్యాబిన్?"

"నలిగిపోయి ఉండెనన్నా. లోపలంత మట్టే. ఆళ్లే కడిగి పంపిన్రు."

"మట్టిల ఏమన్న..."

"నేను అడగలే" అన్నాడు మధుకర్. మొహం తిప్పుకుని, "అడగాలనిపించలే" అన్నాడు.

లోహిత్ ఫోన్ ఇంకా చేతిలోనే ఉంది.

*

రామన్నది రాయదుర్గం. గుట్టలు పగలగొట్టే రోజుల్లో సొంతానికి పాత టిప్పరు ఒకటి కొనుక్కుని రాయి, కంకర తోలేవాడు. రెండువేల ఎనిమిది వానాకాలంలో ఇంజను పగిలితే ఓదెలు షెడ్డుకి తెచ్చాడు. పది రోజులు అక్కడే ఉండి పని చేయించుకున్నాడు. బండి తీసుకుపోయిన మూడో రోజు మనిషీ బండీ కనబడకుండా పోయారు. ఇంట్లో భార్య భూలక్ష్మి, ఆరేళ్ల కూతురు కావ్య. పొద్దున వానలోనే బయల్దేరి, ఒక ట్రిప్పు వేసి వస్తానన్నాడట. ఎక్కడికో చెప్పలేదు.

వారం తర్వాత పోలీసు ఒకతను షెడ్డుకి వచ్చాడు. రామన్న ఎక్కడికైనా పోతానన్నాడా అని అడిగాడు. ఓదెలు గుర్తున్నది చెప్పాడు. "నాగపూర్ దాకా పోయినా ఇంజన్ ఆగదు గదా అన్నా అని అడిగిండు సార్." పోలీసు అది రాసుకుని వెళ్లిపోయాడు.

ఆ ఒక్క మాట ఊరంతా తిరిగింది. ఇంజను కొత్తగా చేయించుకున్నాడు, నాగపూర్ గురించి అడిగాడు, బండితో సహా పోయాడు. అక్కడ ఎవరో ఆడమనిషి ఉందని ఒకరన్నారు. నెల తిరిగేసరికి ఆమెకో పేరు కూడా పుట్టింది. రామన్న అన్నదమ్ములు భూలక్ష్మినే తప్పుపట్టారు, మంచిగా చూసుకుంటే మగవాడు ఎందుకు పోతాడని. ఆమె పిల్లని వెంటబెట్టుకుని నాగపూర్ వెళ్లింది. భాష రాదు. రామన్న ఫోటో పట్టుకుని లారీలు ఆగే ప్రతి చోటా అడిగింది. నాలుగో రోజు దాబా అతను ఒకడు, చూసినట్టే ఉందన్నాడు. ఆ మాట మీద ఇంకో ఎనిమిది రోజులు అక్కడే ఉంది. పిల్లకి జ్వరం వస్తే తిరిగొచ్చింది.

ఓదెలు ఇవన్నీ విన్నాడు. విన్నప్పుడల్లా అతని మనసులో ఇంకో మాట మెదిలేది. నాగపూర్ మాట అన్న రోజే, బండి ఎక్కుతూ రామన్న ఇంకోటి కూడా అన్నాడు. "అయితారం వస్త అన్నా, రెండోసారి బిగించుకుంట. నువ్వు ఏడికి పోకు." ఆ ఆదివారం ఓదెలు షెడ్డులోనే కూర్చుని చూశాడు. రాకపోతే కోపం వచ్చింది, ఇంకో మెకానిక్ దగ్గరికి పోయుంటాడని. పోలీసు వచ్చినప్పుడు ఆ మాట చెప్పలేదు. అతను అడగలేదు, ఓదెలుకి అదేమంత పెద్ద మాటగా తోచలేదు. తర్వాత తోచింది. పారిపోయేవాడు ఆదివారం వస్తానని ఎందుకంటాడు? అప్పటికి ఏడాది దాటింది. ఇప్పుడు చెబితే అప్పుడెందుకు చెప్పలేదంటారని ఊరుకున్నాడు. ఇంకో ఏడాది గడిచింది. అట్లా పదహారేళ్లు గడిచాయి.

*

భూలక్ష్మి గచ్చిబౌలిలో ఒక హాస్టల్లో వంట చేస్తుంది. సాఫ్ట్‌వేర్ పిల్లలు నూట ఎనభై మంది ఉంటారక్కడ. ఓదెలు వెళ్లేసరికి మధ్యాహ్నం మూడైంది. గిన్నెలన్నీ కడిగి బోర్లించి ఉన్నాయి. ఆమె వెనక వరండాలో కూర్చుని రాత్రి కూరకి చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. ఓదెలుని చూసి గుర్తుపట్టడానికి ఒక నిమిషం పట్టింది.

"ఓదెలన్న గదా. గిట్లయినవేంది?"

"ముసలోన్నయిన చెల్లె."

కూర్చున్నాడు. ఆమె మంచినీళ్లిచ్చింది. ఎట్లా మొదలుపెట్టాలో తెలియక, "రామన్న బండి కాయిదాలు ఏమన్న ఉన్నయా నీ దగ్గర?" అన్నాడు.

చిక్కుడుకాయ ఆమె చేతిలో ఆగిపోయింది. "దొరికిండా?"

పదహారేళ్ల తర్వాత కూడా ఆ గొంతులో మొదట వచ్చింది ఆశే. ఓదెలు తల అడ్డంగా ఊపాడు.

"బండి దొరికింది. బండి ఇంజను."

"ఏడ? నాగపూర్లనా?"

"కాదు. ఈడనే. ఖాజాగూడ అవుతల పాత క్వారీ నీళ్లల్ల."

ఆమె చేతిలోని చిక్కుడుకాయ గిన్నెలో వేసింది. తర్వాత లేచి చేతులు కడుక్కుంది. లోపలికి పోయి ఫోన్‌లో కూతురిని పిలిచింది. కావ్యకి ఇప్పుడు ఇరవై రెండేళ్లు. మాదాపూర్‌లో ఒక ఆఫీసులో రిసెప్షన్‌లో పనిచేస్తుంది. సెలవు పెట్టి వచ్చేసరికి గంట పట్టింది. ఆ గంటా భూలక్ష్మి చిక్కుడుకాయలన్నీ ఒలిచింది. ఓదెలు కూడా కొన్ని ఒలిచాడు.

ముగ్గురూ కలిసి వాళ్లుండే గదికి వెళ్లారు. మంచం కింది ఇనప్పెట్టెలో అడుగున ప్లాస్టిక్ సంచీలో బండి ఆర్‌సీ జిరాక్సు ఉంది. అక్షరాలు వెలిసిపోయాయి. కావ్య దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి ఇంజను నంబరు చదివింది. చివరి నాలుగు అంకెలు: నాలుగు, రెండు, ఒకటి, ఏడు.

ఓదెలు జేబులో కాగితం తీసి చూపించాడు. ఒక అంకె ఖాళీ. మిగతా మూడూ అవే.

"ఒక్క నంబర్ లేదు గదా" అంది కావ్య. "వేరే బండిది గూడ కావచ్చు."

"కావచ్చు బిడ్డా. కానీ కుట్టు నేను వేసిందే. బోల్టుల మీద చుక్కలు నేను కొట్టినవే." ఆ చుక్కల సంగతి వివరంగా చెప్పాడు. చెప్పాక ఇంక ఆగలేకపోయాడు. ఆదివారం వస్తానన్న మాట కూడా చెప్పాడు. పోలీసుకి చెప్పకుండా వదిలేసిన మాట.

భూలక్ష్మి గోడకి ఆనుకుని కూర్చుంది. కావ్య నిలబడే ఉంది.

"ఆ మాట అప్పుడే ఎందుకు చెప్పలే మామా?"

"అడగలే బిడ్డా."

"మేం నాగపూర్ పోయి వచ్చినం. అప్పుడు?"

ఓదెలు చేతిలోని కాగితం మడిచాడు.

"స్కూల్ల అందరు అనేటోళ్లు, మీ నాయన ఇంకో అమ్మను చేసుకున్నడట గదా అని. నేను టెన్త్‌ల ఉన్నప్పుడు ఆయన ఫోటో చింపేసిన. ఇంట్ల ఉన్నది అదొక్కటే." కావ్య గొంతు పెంచలేదు. "నువ్వొక్క మాట చెప్పి ఉంటే ఎవరన్న ఈడ వెతికేటోళ్లేమో."

"నిజమే" అన్నాడు ఓదెలు.

"అయింది ఊకో కావ్యా" అంది భూలక్ష్మి. తర్వాత ఎవరితో అనకుండా, మెల్లగా అంది: "రోజు తిట్టుకున్న. పొయ్యి ముట్టిచ్చినప్పుడల్ల తిట్టుకున్న. ఏడనో సుఖంగ ఉన్నడనుకుంట తిట్టుకున్న."

ఆమె ఏడవలేదు. ఐదున్నరకి లేచి హాస్టల్‌కి పోయింది. రాత్రి వంట చేయడానికి ఇంకొకరు లేరు.

*

మర్నాడు ముగ్గురూ పోలీస్ స్టేషన్‌కి వెళ్లారు. కూర్చున్న ఎస్సై వయసులో చిన్నవాడు. పదహారేళ్ల కిందటి మిస్సింగ్ కేసు ఫైలు వెతికించడానికే నాలుగు రోజులు పట్టింది. ఈలోపు మధుకర్ మాట మార్చాడు. సైటువాళ్లు బెదిరించారో, యార్డుకి తాళం పడుతుందని భయపడ్డాడో, ఆ ఇంజను ఎవరో ఆటోలో తెచ్చి అమ్మిపోయారని చెప్పాడు. సైటు ఇంజనీరు తమకి ఏ లారీ దొరకలేదన్నాడు. మూడు అంకెలు, ఏడు కడ్డీలు, కొన్ని చుక్కలు. ఎస్సై ఓదెలుని మర్యాదగానే అడిగాడు. "పెద్దాయనా, ఇన్నేళ్ల తర్వాత నీ చేతి పని నువ్వే గుర్తుపట్టానంటున్నావు. కోర్టులో ఇది నిలబడుతుందా?"

ఓదెలు బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. అప్పుడే లోహిత్ ఫోన్ చేశాడు, ఇంజను సంగతి ఏమైందని. ఓదెలు జరిగిందంతా చెప్పాడు.

"ఓదెలు గారూ, ఆ రోజు నేను వీడియో ఆపలేదండి. మధుకర్ గారు చెప్పిందంతా అందులో ఉంది. ఫోన్ కిందికి పట్టుకున్నాను కాబట్టి మనుషులు కనపడరు, గొంతులు మాత్రం స్పష్టంగా ఉన్నాయి."

"నీకెందుకు బాబు ఈ పరేషాన్? హోటల్ పని ఉన్నది గదా."

"ఆ ఇంజన్ని టేబుల్ చేద్దామనుకున్నానండి" అన్నాడు లోహిత్. సాయంత్రానికి స్టేషన్‌కి వచ్చి వీడియో ఇచ్చి, సంతకం పెట్టి వెళ్లాడు.

వీడియో విన్నాక మధుకర్ నిజం ఒప్పుకున్నాడు. సైటువాళ్లు కూడా లారీ దొరికిందని ఒప్పుకున్నారు గానీ, లోపల ఎవరూ లేరన్నారు. క్యాబిన్‌లోంచి కడిగిన మట్టి ఎక్కడ పోశారని ఎస్సై అడిగాడు. క్వారీ అడుగున తీసిన ఒండ్రుతో పాటే నగరం అవతల ఒక పల్లం నింపడానికి తోలారు. కొన్ని వందల ట్రిప్పులు. దాని మీద రోలరు తిప్పి ప్లాట్లుగా గీతలు కూడా గీశారు.

రెండు రోజులు తవ్వారు. ఓదెలు రెండు రోజులూ అక్కడే ఎండలో నిలబడ్డాడు. భూలక్ష్మి మొదటి రోజు వచ్చింది, రెండో రోజు రాలేదు. ఒక రబ్బరు చెప్పు దొరికింది, ఎడమకాలిది. చిన్న ఎముకలు మూడు దొరికాయి. చెప్పుని భూలక్ష్మి గుర్తుపట్టలేదు. అట్లాంటి చెప్పులు అప్పుడు అందరూ వేసుకునేవాళ్లంది. ఎముకల్ని ల్యాబుకి పంపారు, కావ్య రక్తం తీసుకున్నారు. మూడున్నర నెలలకి కాగితం వచ్చింది. ఎముకలు మనిషివే, కానీ చాలాకాలం నీటిలో ఉండటం వల్ల ఎవరివో తేల్చడం సాధ్యం కాలేదని రాసి ఉంది.

మూతబడ్డ క్వారీలో మిగిలిన రాయి కోసం డ్రైవర్లు అప్పట్లో దొంగతనంగా పోయేవాళ్లని, అందుకే రామన్న ఇంట్లో చెప్పలేదని, వానకి అంచు విరిగి బండి పడిపోయి ఉంటుందని ఎస్సై రిపోర్టు రాసి కేసు మూసేశాడు. ఓదెలు చెప్పిందంతా ఈసారి పూర్తిగా రాసుకున్నారు. ఆదివారం మాట కూడా ఉంది అందులో. చదివి వినిపించి సంతకం పెట్టించుకున్నారు.

*

ఆ చోటు ఒకసారి చూడాలని భూలక్ష్మి అడిగింది. సైటు గేటు దగ్గర సెక్యూరిటీ మొదట రానివ్వలేదు. ఎస్సై ఫోన్ చేశాక పది నిమిషాలు ఒప్పుకున్నారు. ఆమెకీ, కావ్యకీ, ఓదెలుకీ పచ్చ హెల్మెట్లు ఇచ్చారు. రేకుల గోడ దాటి అంచుకి వెళితే కింద నీళ్లు లేవు. చదునైన కాంక్రీటు, దాని మీద వరసగా ఇనుప చువ్వలు తేలిన స్తంభాలు. మనుషులు చీమల్లా తిరుగుతున్నారు. ఆ పక్కనే పూర్తయిన టవరు అద్దాల మీద మబ్బులు కదులుతున్నాయి.

"ఏడ దొరికింది?" అని అడిగింది భూలక్ష్మి.

వెంట వచ్చిన ఇంజనీరు అప్పుడు తను లేనన్నాడు. ఆ మూల అయి ఉండొచ్చన్నాడు. తర్వాత ఈ మూల అన్నాడు.

భూలక్ష్మి కొంగులో మూట కట్టుకుని తెచ్చిన పసుపు, కుంకుమ, నాలుగు బంతిపూలు కిందికి విసిరింది. గాలికి పూలు కాంక్రీటు దాకా పోలేదు, రాతి అంచు మీదే పడ్డాయి. ఇంజనీరు గడియారం చూసుకున్నాడు.

తిరిగొస్తుంటే ఓదెలు దారిలో ఆగాడు. "చెల్లె, నేను..." అన్నాడు.

"అనకు అన్నా" అంది ఆమె. "నువ్వంటే నేను ఏదో ఒకటి అనాలె. నాకు అంత బలం లేదిప్పుడు."

ఎముకలు ఎవరివో తేలకపోయినా ఆమె అడిగితే ఇచ్చారు. అవి చేతికొచ్చిన పదకొండో రోజు కర్మ పెట్టుకుంది. రామన్న అన్నదమ్ములు వచ్చారు. పదహారేళ్లు ఆమె గడప తొక్కనివాళ్లు ముందు వరసలో కూర్చుని ఏడ్చారు. భూలక్ష్మి వాళ్లకి కూడా అందరితో పాటే విస్తరి వేసి, మారు వడ్డించింది.

ఓదెలుని పిలిచారు. లోపలికి పోవడానికి మనసొప్పక, వాకిట్లో మోటారు సైకిళ్ల పక్కన అరుగు మీద కూర్చున్నాడు. అందరూ తినడం అయిపోవస్తుండగా కావ్య విస్తరి పట్టుకుని బయటికి వచ్చింది. అతని ముందు పెట్టి, గ్లాసులో నీళ్లు పోసింది. ఆ రోజు గదిలో మాట్లాడాక మళ్లీ ఆమె అతనితో మాట్లాడలేదు. ఒక నిమిషం నిలబడి, ఏదో అడుగుతుందేమో అన్నట్టు అతను తలెత్తేసరికి లోపలికి వెళ్లిపోయింది.

ఓదెలు అన్నం కలుపుకున్నాడు. పప్పులో ఉప్పు తక్కువైంది. అడగకుండా తిన్నాడు.